దేనికి ఎంత?

లెక్కల సార్ స్మారకోపన్యాసం, మనోహరాబాద్



సార్‌కు ఇంటిపేరూ పేరూ డిగ్రీలూ అన్నీ ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళు మాత్రం ఆయన్ని లెక్కల సార్ అనే పిలిచాయి. ఆయనకూ ఆ పిలుపే ఇష్టం. అందుకే నేనూ అలాగే పిలుస్తాను. ఎవరైనా తనను పొగడబోతే ఆయన "లెక్కలోకి రాండ్రి" అని మాట మళ్ళించేవారు. ఆయన మాట ప్రకారమే నేను నేరుగా లెక్కలోకి వస్తాను.

ఇవాళ నేను ఎంచుకున్నది ఒకే ఒక్క పాఠం. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో చలనం చెప్పేటప్పుడు వచ్చే దూరం–కాలం గ్రాఫు, ఆ గ్రాఫులో గీతకు ఉండే వాలు. పదో తరగతి లెక్కల్లో నిరూపక జ్యామితి దగ్గర అదే వాలు మళ్ళీ వస్తుంది. ఒకటి సైన్సు పీరియడ్‌లో, ఒకటి లెక్కల పీరియడ్‌లో. చెప్పేది ఇద్దరు టీచర్లు, రాసేది రెండు నోటుపుస్తకాల్లో. ఆ రెండూ ఒకటేనని పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువ. మా అదృష్టం, మాకు లెక్కలూ భౌతికశాస్త్రమూ రెండూ ఆయనే చెప్పారు.

గుట్ట ఎక్కిన రైలు

మేము బడిలో ఉన్నప్పటికి మనోహరాబాద్ మీదుగా పోయే మన లైను ఇంకా మీటర్ గేజి. నిజాం కాలంలో గోదావరి లోయ రైల్వే పేరుతో వేసి, 1901 నాటికి సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా పూర్తిచేసిన పాత లైను అది. ఒకరోజు సార్ బోర్డు మీద రెండు అక్షాలు గీశారు. అడ్డంగా కాలం, నిలువుగా స్టేషన్ నుంచి దూరం. దాని మీద ఒక గీత గీశారు. అది ముందు పైకి లేచి, తర్వాత కాస్త చదునుగా సాగి, చివర కిందికి దిగింది. "ఈ రైలు కథ చెప్పుండ్రి" అన్నారు.

నేను లేచి చెప్పాను: "రైలు గుట్ట ఎక్కింది సార్. పైన సాపుగ పోయింది. మళ్ళ దిగింది."

సార్ నవ్వలేదు, తప్పనీ అనలేదు. ఆ సాయంత్రం మమ్మల్ని స్టేషన్‌కు తీసుకుపోయి ప్లాట్‌ఫారం చివర నిలబెట్టారు. పట్టాల పక్కన పొట్టి స్తంభానికి రెక్కలా ఒక పలక, దాని మీద ఒక అంకె. "200 అని ఉంటే, 200 మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కుతదని. ఇది నేల వాలు. పొద్దున మీరు చూసింది కదలిక వాలు. రెండింటినీ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. దేనికి ఎంత?"

తర్వాత ఆయన నన్నే అడిగారు: "బోర్డు మీద గీత చదునుగ ఉన్నప్పుడు గడియారం నడుస్తున్నదా?" నడుస్తోంది సార్. "దూరం మారుతున్నదా?" లేదు సార్. "మరి రైలు ఏం చేస్తున్నది?" అప్పుడు తెలిసింది నాకు. అది గుట్ట మీద పరుగెత్తడం లేదు, స్టేషన్‌లో నిలబడి ఉంది. గీత దిగడమంటే లోయలోకి జారడం కాదు, బయలుదేరిన చోటికి తిరిగి రావడం.

తర్వాత చాలా ఏళ్ళకు, నేను టీచరునయ్యాక, నా పొరపాటుకు ప్రపంచమంతా తోడుందని తెలిసింది. అమెరికాలో లిలియన్ మెక్‌డెర్మట్, ఆమె సహచరులు 1987లో అచ్చువేసిన వ్యాసంలో కాలేజీ విద్యార్థులు సైతం గ్రాఫును దారి బొమ్మగా చదవడాన్ని వివరంగా చూపించారు. రెండో పొరపాటు ఇంకా లోతైనది. రెండు వస్తువుల గీతలు ఒకచోట కలిస్తే, ఆ క్షణంలో రెండింటి వడీ సమానమని చాలామంది రాస్తారు. నిజానికి అక్కడ సమానమైంది స్థానం ఒక్కటే. 1980లోనే ట్రోబ్రిడ్జ్, మెక్‌డెర్మట్ రెండు గాడుల మీద దొర్లే బంతులతో ఈ సంగతి పరీక్షించారు. ఒక బంతి ఇంకోదాన్ని దాటే క్షణంలో రెండూ ఒకే వడితో పోతున్నాయని కొందరు విద్యార్థులు చెప్పారు. పక్కపక్కన ఉండటాన్ని సమానంగా పరుగెత్తడంగా భావించారు.

ఎత్తు చూడటం కంటికి వచ్చు. ఎత్తు ఎంత చురుగ్గా మారుతోందో చూడటం నేర్పితే తప్ప రాదు. వాలు నేర్పడమంటే ఇదే. సూత్రం దాని తర్వాతి మాట.

మన భాషలోనే ఉన్న వాలు

ఇక్కడ తెలుగు పిల్లలకు ఒక చిక్కుంది, ఒక సౌకర్యమూ ఉంది. చిక్కు వాలు అనే మాటలోనే ఉంది. పొద్దు వాలుతుంది, పిట్ట కొమ్మ మీద వాలుతుంది, మనిషి గోడకు వాలతాడు. మనకు వాలడమంటే ఎప్పుడూ కిందికే. అలాంటి పిల్లవాడికి "ఈ గీత పైకి పోతోంది, దీని వాలు ఎక్కువ" అంటే మాట ఒక వైపు, బొమ్మ ఒక వైపు లాగుతాయి. ఈ చిక్కు ఉందని టీచరుకు తెలియాలి. తెలిస్తే మొదటి రోజే విడదీయవచ్చు.

సౌకర్యం మాత్రం చాలా పెద్దది. మన ఊళ్ళో సుతారి స్లాబు మీద వాన నీళ్ళు నిలవకుండా వాటం పెడతాడు. ఎంత వాటం అని అడిగితే "పది అడుగులకు ఒక అంగుళం" అంటాడు. రైతు ఎకరాకు ఇన్ని బస్తాలు పండాయంటాడు. కూలి రోజుకు ఇంత. పాలు లీటరుకు ఇంత. బండి గంటకు ఇన్ని కిలోమీటర్లు. ఈ మాటలన్నిటిలో ఒక చిన్న ‘కు’ ఉంది. తెలుగు వ్యాకరణంలో షష్ఠీ విభక్తి కింద చదువుకునే ‘కు’ అది. రెండు వేర్వేరు కొలతలను ముడివేసి, ఒకటి ఇంత మారితే రెండోది ఎంత మారుతుందో చెప్పే పని ఆ ఒక్క అక్షరం చేస్తోంది. వాలంటే అదే.

సార్ బోర్డు మీద సూత్రం రాసేముందు ఆ ‘కు’నే పట్టుకునేవారు. "ఎన్ని సెకన్లకు ఎన్ని మీటర్లు? దేనికి ఎంత బిడ్డా?" జవాబు మా నోట వచ్చాక, "దాన్నే అంకెల్లో రాస్తే దూరంలో మార్పు బై కాలంలో మార్పు" అని రాసేవారు. సూత్రం మాకు పైనుంచి ఊడిపడలేదు. మేమే అన్న మాట అంకెలు తొడుక్కుని వచ్చింది.

దీనికి ఎదురు అనుభవం కూడా నాకుంది. నేను పనిచేసిన ఒక బడిలో పరీక్షల్లో ముందుండే ఒక అమ్మాయి రెండు బిందువుల నిరూపకాలిస్తే అర నిమిషంలో వాలు కట్టేసేది. గ్రాఫులో చదును గీత చూపించి ఈ బస్సు ఏం చేస్తోందమ్మా అని అడిగితే "వాలు సున్నా సార్" అంది. అంటే ఏమిటి అంటే మౌనం. బస్సు ఆగిందని అనలేకపోయింది. ఆ పిల్ల తెలివి తక్కువది కాదు. ఆమెకు మేము అంకె ఇచ్చాం, అర్థం ఇవ్వలేదు.

కంది కట్టెల గ్రాఫు

సార్ నేర్పిన విధానం ఇక్కడి టీచర్లందరికీ పనికొస్తుందని పూర్తిగా చెబుతాను. దీనికి ఖర్చు లేదు.

బడి మైదానంలో గేటు దగ్గర ముగ్గుతో ఒక గీత గీస్తారు. ఒకరు అక్కడి నుంచి నడుస్తారు. ఇంకొకరు గడియారం చూసి రెండు సెకన్లకొకసారి చప్పట్లు కొడతారు. చప్పట్లు వినబడ్డప్పుడల్లా నడిచేవాళ్ళు గుప్పిట్లోంచి ఒక చింతగింజ కింద వేస్తారు. నడక అయ్యాక అందరూ నేల వైపు చూస్తారు. నిదానంగా ఒకే తీరుగా నడిస్తే గింజలు సమదూరంలో పడతాయి. పరుగెత్తితే దూరం దూరంగా పడతాయి. నిలబడిపోతే ఒకేచోట కుప్ప పడతాయి. చలనం తన ఆనవాళ్ళు నేల మీద వదిలి పోయింది.

తర్వాత గేటు నుంచి ఒక్కో గింజ ఎంత దూరంలో ఉందో కొలుస్తారు. మీటరుకు పది సెంటీమీటర్ల చొప్పున కంది కట్టెలు విరుస్తారు. రెండు సెకన్లకు రెండు మీటర్లు నడిచినవాడికి 20, 40, 60, 80, 100, 120 సెంటీమీటర్ల కట్టెలు వస్తాయి. వాటిని సమాన ఎడంలో వరుసగా నేలలో గుచ్చుతారు, గుచ్చిన మేర అన్నిటికీ ఒకేలా వదిలేసుకుని. ఇప్పుడు కట్టెల కొసల మీదుగా ఒక దారం లాగితే అదే దూరం–కాలం గ్రాఫు. పరుగెత్తినవాడి దారం నిటారుగా లేస్తుంది. ఆగినవాడి దారం చదునుగా ఉంటుంది. తిరిగొచ్చినవాడి దారం దిగుతుంది. ఆ దారం కింద నిలబడి చూసిన పిల్లవాడు దాన్ని గుట్ట అనడు. ఒక్కో కట్టె ఏ చప్పట్లదో వాడికి గుర్తుంటుంది.

పద్నాలుగో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో నికోల్ ఒరెమ్ అనే పండితుడు దాదాపు ఇదే పని కాగితం మీద చేశాడు. కాలాన్ని అడ్డగీతగా తీసుకుని దాని మీద నిలువు గీతలు నిలబెట్టాడు. ఆయన నిలబెట్టినవి వేగాలు, సార్ నిలబెట్టించినవి దూరాలు. వేగాల కట్టెలు నిలబెడితే వాటి మధ్య వైశాల్యం దూరాన్ని ఇస్తుంది. దూరాల కట్టెలు నిలబెడితే కొసల వాలు వేగాన్ని ఇస్తుంది. ఈ రెండూ ఒకే తలుపుకు రెండు పక్కలు. ఇంటర్‌లో కలన గణితం పేరుతో పిల్లలను భయపెట్టే విషయానికి మూలం ఈ కట్టెల వరుసలోనే ఉంది. మూడో కట్టె నుంచి రెండో కట్టె తీసేస్తే ఎంత మిగిలిందో కొలిచిన పిల్లవాడు ఆ దారిలో మొదటి అడుగు వేసినట్టే.

కొలిచే చోట రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, నడక గేటు దగ్గరే మొదలవాలని లేదు. గేటుకు 20 మీటర్ల దూరంలో నిలబడ్డ అమ్మాయి 20 సెకన్లలో 50 మీటర్ల గీత చేరిందనుకుందాం. చాలామంది 50ని 20తో భాగించి సెకనుకు రెండున్నర మీటర్లని రాస్తారు. ఆ అమ్మాయి నడిచింది 30 మీటర్లే. సెకనుకు ఒకటిన్నర. ఉన్న చోటు కాదు, మారిన మేర చూడాలి. రెండోది కొలబద్ద. మీటరుకు పది సెంటీమీటర్ల బదులు అయిదు తీసుకుంటే దారం వాలిపోయినట్టు కనిపిస్తుంది, నడక మాత్రం మారలేదు. అందుకే కంటికి కనిపించే నిటారు చాలదు. అక్షం మీది అంకెలూ ప్రమాణాలూ చదివి, సెకనుకు ఎన్ని మీటర్లో చెప్పాలి.

ఈ పద్ధతికి బలం నడకకూ గీతకూ మధ్య ఎడం తక్కువగా ఉండటం. అమెరికాలో హెదర్ బ్రాసెల్ అనే పరిశోధకురాలు 1987లో ఇలాంటిదే గమనించారు. విద్యార్థి సెన్సరు ముందు కదులుతుంటే కంప్యూటరు తెర మీద అప్పటికప్పుడే గీత పడేలా చేసినప్పుడు నేర్చుకోవడం బాగా జరిగింది. అదే గీత 20 సెకన్లు ఆలస్యంగా పడితే ఆ లాభం చాలావరకు పోయింది. మన దగ్గర సెన్సరు లేకపోవచ్చు. మధ్యాహ్నం నడిచి, మధ్యాహ్నమే కట్టెలు గుచ్చే వీలు ప్రతి బడికీ ఉంది. నడక సోమవారం, గ్రాఫు శుక్రవారం పెట్టకండి.

గోళీ, పలక, రెండు వాలులు

గ్రాఫును బొమ్మగా చదివే అలవాటును పూర్తిగా పోగొట్టడానికి సార్ ఇంకో పని చేయించేవారు. ఒక చెక్క పలకకు పొడుగునా గాడి తీసి, ఒక కొసన ఇటుక పెట్టి, గోళీని దొర్లించేవారు. ఇది గెలీలియో చేసిన ప్రయోగం. ఆయన నీటి గడియారంతో కాలం కొలిచి, ఆ ఫలితాలను 1638లో వచ్చిన తన పుస్తకంలో చెప్పాడు. సమాన కాలాల్లో గోళీ దాటే దూరాలు ఒకటి, మూడు, అయిదు, ఏడు నిష్పత్తిలో పెరుగుతాయి.

పిల్లలను ఇక్కడ రెండే ప్రశ్నలు అడగాలి. గోళీ కిందికి దొర్లుతోంది, గ్రాఫులో గీత ఎటు పోతోంది? పైకి. పలక వాలు మొదటి నుంచి చివరి దాకా ఒకటే, గీత వాలు అలాగే ఉందా? లేదు, క్షణక్షణం పెరుగుతోంది, అందుకే గీత వంపు తిరిగింది. దిగే గోళీకి లేచే గీత. మారని పలకకు మారే వాలు. ఈ రెండూ కళ్ళారా చూశాక గ్రాఫు బొమ్మ అనే భ్రమ నిలవదు. త్వరణం అనే మాట పుస్తకంలో ఎదురయ్యేనాటికి దాని రూపం వాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది.

కంట్రోల్ ఆఫీసులో మన ఊరు

ఇప్పుడు మన ఊరి స్టేషన్‌కు వద్దాం. మనలో చాలామంది రైలు ఎక్కి, ఏదో స్టేషన్‌లో అది కదలకుండా నిలబడితే, "క్రాసింగ్ ఉన్నట్టుంది" అనుకున్నవాళ్ళమే. మేడ్చల్ దాటాక ముద్ఖేడ్ దాకా మన లైను దశాబ్దాల పాటు సింగిల్ లైనుగానే నడిచింది. అటు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ వస్తుంటే ఇటు నుంచి పోయే ప్యాసింజరును ఏదో ఒక స్టేషన్‌లో పక్క లైనులో నిలపాలి. ఎక్కడ నిలపాలి, ఎంతసేపు నిలపాలి అన్నది నిర్ణయించేది సెక్షన్ కంట్రోలర్. ఆయన ఆ నిర్ణయం తీసుకునేది దూరం–కాలం గ్రాఫు చూసే.

రైల్వే కంట్రోల్ ఆఫీసులో చార్టు ఇలా ఉంటుంది. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్లు వరుసగా: మేడ్చల్, మనోహరాబాద్, మాసాయిపేట, వడియారం, మీర్జాపల్లి, అక్కన్నపేట, అలా కామారెడ్డి దాకా. ఒక్కో రైలుకు ఒక్కో గీత. ఒకప్పుడు స్టేషన్ మాస్టర్లు ఫోనులో వేళలు చెబుతుంటే కంట్రోలర్ పెన్సిలుతో ఆ గీతను గీసుకుంటూ పోయేవారు. ఇప్పుడు కంప్యూటరు గీస్తోంది. పద్ధతి మారింది, గ్రాఫు మారలేదు. ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా, గూడ్సు గీత వాలి ఉంటాయి. ఆగిన రైలు చదును గీత. ఎదురొచ్చే రైలు దిగే గీత.

లెక్క కోసం కొన్ని అంకెలు పెట్టుకుందాం. రెండు స్టేషన్ల మధ్య 12 కిలోమీటర్లు. ప్యాసింజరు పది గంటలకు మొదటి స్టేషన్ వదిలి గంటకు 40 కిలోమీటర్లతో పోతే 10.18కి రెండో స్టేషన్ చేరుతుంది. ఎదురుగా గంటకు 60 కిలోమీటర్లతో వచ్చే ఎక్స్‌ప్రెస్ అదే స్టేషన్‌ను 10.26కి దాటుతుంది. 10.38కి మొదటి స్టేషన్ దాటుతుంది. చార్టు మీద ప్యాసింజరు గీత 10.18 దాకా లేచి, అక్కడ చదునవుతుంది. ఎక్స్‌ప్రెస్ గీత పైనుంచి దిగుతూ సరిగ్గా ఆ చదును మీదే దాన్ని దాటుతుంది. రెండు గీతలు స్టేషన్ గీత మీద కలిస్తే అది క్రాసింగ్. సింగిల్ లైను మీద స్టేషన్ల మధ్య ఖాళీలో కలవకూడదు. కంట్రోలర్ పనంతా ఆ ఖాళీలో గీతలు కలవకుండా చూడటమే. పిల్లల చేత ఈ లెక్క గీయించండి. ఎక్స్‌ప్రెస్ పది నిమిషాలు ఆలస్యమైతే ప్యాసింజరును ఎక్కడ ఆపుతావని అడగండి. గీతలు కలిసే చోటు అంటే ఏమిటో ఇక మరిచిపోరు. పదో తరగతి లెక్కల్లో రెండు రేఖీయ సమీకరణాల జతను సాధించడమంటే ఇదే.

ఈ చార్టుకు పాత చరిత్ర ఉంది. ఇబ్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు పద్ధతిలో గీసిన పారిస్–లియాన్ రైళ్ళ గ్రాఫును ఎతియెన్ జూల్ మరే పంతొమ్మిదో శతాబ్దంలో తన పుస్తకంలో అచ్చువేశాడు. రోజంతా నడిచే రైళ్ళు ఒక్క పేజీలో ఏటవాలు గీతల అల్లికగా కనిపిస్తాయి. మన ఊరు ఇప్పుడు అలాంటి అల్లికలో ఒక ముడి. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల కొత్త లైనుకు 2016 ఆగస్టు 7న శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు రైలు మొదలైంది. అంతకు కొద్దిముందే, ఆగస్టులో, మేడ్చల్–ముద్ఖేడ్ డబ్లింగుకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. రెండో లైను ఉంటే ఎదురెదురు క్రాసింగ్ బాధ తగ్గుతుంది. ఒక రైలు ఇంకో రైలును దాటిపోవడం మాత్రం ఉంటుంది, దాని లెక్కకు వాలు ఎప్పటికీ కావాలి. మన పిల్లలు గ్రాఫు కోసం దూరం పోనక్కర్లేదు. బడి కిటికీలోంచి కూత వినబడుతుంది.

కళ్ళెదుట వచ్చే రైలు

ఈ లైను గురించి, పిల్లల గురించి కలిపి మాట్లాడేటప్పుడు ఒక రోజును తలచుకోకుండా ముందుకు పోలేను. 2014 జులై 24న, మనకు ఇంత దగ్గర మాసాయిపేటలో, కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొంది. బడికి బయలుదేరిన పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ తల్లిదండ్రుల్లో కొందరు ఈ చుట్టుపక్కల వాళ్ళే. ఆ ప్రమాదపు కారణాల్లోకి నేను పోవడం లేదు. ఆ పిల్లలను తలచుకుని, మిగిలిన పిల్లలకు మనం నేర్పవలసింది ఒకటుందని మాత్రం చెబుతాను.

ఎదురుగా వచ్చే రైలు ఎంత దూరంలో ఉందో కన్ను ఒక మాదిరిగా చెబుతుంది. ఎంత వేగంగా వస్తోందో చెప్పలేదు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. 500 మీటర్ల దూరం నుంచి 250కి రావడానికి ఆ రైలుకు పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో కంటికి దాని పరిమాణం రెండింతలే అవుతుంది. చిన్న చుక్క కాస్త పెద్ద చుక్క అయినట్టుంటుంది. 50 మీటర్ల నుంచి 25కి రావడానికి ఒక్క సెకను, ఆ ఒక్క సెకనులోనే మళ్ళీ రెండింతలు. రైలు మొదటి నుంచీ ఒకే వేగంతో వస్తోంది, దూరం–కాలం గ్రాఫులో దానిది సరళరేఖే. కంటికి మాత్రం చివరిదాకా నిలబడ్డట్టే ఉండి హఠాత్తుగా మీద పడుతుంది. దీనికి తోడు పెద్ద వస్తువులు అసలు వేగం కంటే నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తాయని, రైలు గేట్ల ప్రమాదాల్లో దీనికి పాత్ర ఉందని హెర్షెల్ లైబోవిట్జ్ 1985లో రాశాడు. 500 మీటర్ల దూరంలో ఉన్న రైలు మన దగ్గరికి రావడానికి 20 సెకన్లే. దూరంగా ఉందిలే అన్న మాటలో ఎత్తు ఉంది, వాలు లేదు.

2019 జనవరి నాటికి బ్రాడ్ గేజి మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశామని రైల్వే ప్రకటించింది. మంచి పని. అయితే ఈ మండలం గుండా 44వ నంబరు జాతీయ రహదారి పోతోంది. దాని మీద లారీలు రైలు వేగంతోనే వస్తాయి. రోడ్డు దాటే పిల్లవాడికి వాలు పాఠం పరీక్షకు మించిన అవసరం.

చదును గీత హెచ్చరిక

వాలు మైదానంలోనూ పట్టాల మీదా ఆగిపోదు. అంగన్‌వాడీలో ప్రతి బిడ్డకూ ఒక ఎదుగుదల చార్టు ఉంటుంది. అడ్డంగా వయసు నెలల్లో, నిలువుగా బరువు. నెలనెలా తూచి చుక్క పెట్టి కలుపుతారు. ఇలాంటి చార్టును నైజీరియాలోని పల్లెల్లో పనిచేసిన డేవిడ్ మోర్లీ అనే వైద్యుడు తీర్చిదిద్దాడు. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది. దాని కీలకం ఏమిటంటే, చుక్క ఏ రంగులో పడిందన్నది మాత్రమే చూస్తే చాలదు. మామూలు బరువును చూపే ఆకుపచ్చ రంగులోనే ఉన్నా, రెండు మూడు నెలలుగా గీత చదునుగా సాగుతుంటే ఆ బిడ్డను ఆలస్యం చేయకుండా పట్టించుకోవాలి. తక్కువ బరువును చూపే పసుపు రంగులో ఉన్న ఇంకో బిడ్డ గీత నిలకడగా లేస్తుంటే ఆ బిడ్డ కోలుకుంటున్నట్టు. నెలకు ఎన్ని గ్రాములు? మళ్ళీ అదే ‘కు’. మన అంగన్‌వాడీ టీచర్లు రోజూ వాలు చదువుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలను ఒక పూట వాళ్ళ దగ్గరికి పంపితే చెల్లెలి బరువు గీతలో, ప్యాసింజరు రైలు గీతలో ఒకే విషయం చూస్తారు.

టీచర్లకు నా మనవి

సార్ పోయేముందు నేను ఆయన్ని చూడటానికి వెళ్ళాను. చెయ్యి పట్టుకుని అడిగారు, "ఇప్పుడు పిల్లలు చదును గీతను ఏమంటున్నరు?" నేను చెప్పాను, "కొందరు ఆగిందంటున్నరు సార్. కొందరు ఇంకా సాపుగ పోయిందంటున్నరు." ఆయన తల ఊపి, "ఆ కొందరి కోసమే బడి" అన్నారు.

ఆ మాట నేను మోసుకొచ్చాను. ఇక్కడున్న లెక్కల టీచర్లకు, సైన్సు టీచర్లకు నా విన్నపాలు నాలుగు. వాలు సూత్రం బోర్డు మీద రాసే ముందు పిల్లల చేత ఒక్క రోజు నడిపించి, గింజలు వేయించి, కట్టెలు గుచ్చించండి. గ్రాఫు ఇచ్చి లెక్క కట్టమనే ముందు దాని కథ చెప్పమనండి. కథ చెప్పి గీయమనండి. రెండు వైపులా నడిస్తేనే ఆ దారి అలవాటవుతుంది. లెక్కల టీచరూ సైన్సు టీచరూ ఏడాదికి ఒక్క పీరియడైనా ఒకే గదిలో కలిసి ఈ పాఠం చెప్పండి. నాలుగోది, తప్పు చెప్పిన పిల్లవాణ్ణి చూసి ఎవరినీ నవ్వనివ్వకండి, మీరూ నవ్వకండి. వాడు చూసింది వాడు చెప్పాడు. వాడికి ఇంకో చూపు ఇవ్వడం మన పని. గుట్ట ఎక్కిందన్న నన్ను ఆ రోజు సార్ నవ్వి కూర్చోబెట్టి ఉంటే నేను ఇవాళ ఈ వేదిక మీద ఉండేవాణ్ణి కాదు.

పిల్లలూ, మీకు ఒక మాట. రేపు బడికి వచ్చేటప్పుడు మీ ఇంటి నుంచి బడి దాకా ఎంత దూరమో, ఎన్ని నిమిషాలు పట్టిందో, దారిలో ఎక్కడ ఎంతసేపు ఆగారో రాసుకుని రండి. గ్రాఫు కాగితం మీద గీయండి. ఆగిన చోట గీతను చదును చేయండి. పరుగెత్తిన చోట నిటారు చేయండి. గీసిన కాగితాలు మీ టీచర్ల దగ్గర దాచి ఉంచండి. వచ్చే ఏడాది ఈ రోజున సార్ ఫోటో కింద దండ వద్దు, ఆ కాగితాలు పెడదాం.